మంచు నిలవని ఇల్లు

పొద్దున మొదలైన మాట మధ్యాహ్నం గంజి తాగే వేళకి కూడా తెగలేదు. కప్పు మీద మళ్ళీ మంచు పోయాలని అత్త ప్రోలమ్మ, పోసినదంతా కరిగి వీధిలోకి కారుతుంటే అంతకన్నా పెద్ద చాటింపు ఉండదని కోడలు నీలాంబ.

“చూరు కింద బానలు పెడదాం. కారింది కారినట్టు పట్టేస్తాయి,” అంది ప్రోలమ్మ.

“ఈ మంచుకాలంలో చూరు కింద బానలు ఎవరింట్లో ఉన్నాయత్తయ్యా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?”

“నీళ్ళకి కరువొచ్చిందనుకుంటారు.”

నీలాంబ మొగుడు బేతన కాలికి కట్టుతో గోడవార మంచం మీద పడుకున్నాడు. ముందురోజు మంచు గంపతో కప్పెక్కి, కరిగిన నీటి మీద కాలు జారి వీధిలో పడ్డవాడు అతడే. అతని తండ్రి గుండయ్య పై బట్ట తీసేసి, పెద్దబాతు ఈకలతో తానే కట్టుకున్న విసనకర్రతో విసురుకుంటున్నాడు. మంచుకోన రాజ్యం మొత్తానికి విసనకర్ర ఉన్న ఇల్లు అదొక్కటే. అదే ఆ ఇంటికి వచ్చిన ఆపద.

మంచుకోన తెల్లని శిఖరాల ఒడిలో ముత్యపు చిప్పలా ఒదిగిన రాజ్యం. సూర్యుడు అక్కడికి చుట్టంలా వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోతాడు. జలపాతాలు పడుతూ పడుతూ నడిమధ్యన గడ్డకట్టి స్ఫటికపు స్తంభాలై నిలుస్తాయి. పువ్వులు పూయని ఆ దేశంలో ఆడవాళ్ళు జడల్లో హంస ఈకలు తురుముకుంటారు. అక్కడ కట్టెలు దొరకవు. ఇళ్ళని కాచేవి సెగరాళ్ళు. ఎప్పుడో కొండ కడుపులోంచి తీసిన ఎర్రని రాళ్ళు అవి, ఎన్నేళ్ళైనా వేడి చావవు. వంటకీ అవే, చలికీ అవే, అంగట్లో సరుకు కొనడానికీ అవే. పగలగొట్టి పలుకులు చేసినా ప్రతి పలుకూ వెచ్చగానే ఉంటుంది.

మొదటి రాణి ఆ రాళ్ళని ఇంటింటికీ సమానంగా పంచి, ఒక ధర్మం పెట్టింది. అంగట్లో అమ్మేవారు ఒక ధర, కొనేవారు ఒక ధర అంటే వాదులాడుకోకూడదు. గవ్వ వెయ్యాలి. వెల్లకిల పడితే ఒకరి మాట, బోర్లా పడితే ఇంకొకరి మాట. ఆ ధరల తేడాయే పందెం. ఒక్క దెబ్బకి ఎవరూ నాశనం కాకూడదని, ఇద్దరిలో పేదవారికి ఉన్నదాంట్లో సగానికి మించి పందెం కాయకూడదంది. గవ్వకి పక్షపాతం లేదు. ఇంత న్యాయమైన అంగడి భూమ్మీద లేదని మంచుకోనవాళ్ళు పసిపిల్లలకి ఉగ్గుతో పాటు చెబుతారు.

అయినా తరానికో ఇల్లు మాత్రం పొయ్యిలా కాగుతుంది. మిగతా ఊరు వణుకుతుంది. న్యాయమైన అంగట్లో ఇది జరగరాదు గనుక, ఎవరో దొంగవిద్య చేసినట్టేనని రాజ్యం నమ్మింది. కొంగల కనుమ అవతల గుహలో ఉండే మాంత్రికుడు అణుసిద్ధుడు ఒక్కొక్క తరంలో ఒక్కొక్కరికి సెగ పీల్చే మంత్రం అమ్ముతాడని చెప్పుకునేవారు. అందుకే మంచుకాలపు పున్నమికి రాణిగారి భటులు కప్పులు చూస్తూ వస్తారు. ఏ కప్పు మీద మంచు నిలవలేదో ఆ ఇంటి పొయ్యి యజమానిని ఊరి బయట తెల్లమెట్ట మీద చలికి ఒంటరిగా వదిలి, రాళ్ళు ఊరందరికీ మళ్ళీ సమానంగా పంచుతారు. పంపే ముందు వెలిముద్ద వేస్తారు. మొదటి మంచుముద్ద ఆ ఇంటివాళ్ళే వెయ్యాలి. వెయ్యకపోతే వాళ్ళకీ ఆ విద్యలో భాగం ఉన్నట్టే.

నీలాంబ తండ్రి కొమ్మన కంబళ్ళు నేసేవాడు. భార్య పోయిన ఇల్లు గనుక పొయ్యి అతనిదే. నీలాంబకి పరికిణీ వయసు దాటకముందే ఒక పున్నమికి వాళ్ళ కప్పు మీద మంచు నిలవలేదు. ఊరంతా చూస్తుండగా మొదటి ముద్ద నీలాంబ చేతిలో పెట్టారు. ఆమె వేసింది. తండ్రి భుజానికి తగిలింది. ఆయన దాన్ని దులుపుకోకుండా, “దొంగ లేడమ్మా” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నీలాంబ నవ్వలేదు గాని నమ్మనూ లేదు. ఆ నవ్విన గుంపులో ప్రోలమ్మా ఉంది, గుండయ్యా ఉన్నాడు. ఆ తరవాత దిక్కులేని పిల్లని ఇంటికి తెచ్చుకుని, పెంచి కొడుక్కి చేసుకున్నదీ వాళ్ళే. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. కంబళి కప్పుకున్నప్పుడల్లా అందరికీ గుర్తొస్తుంది, అంతే.

ఇప్పుడు సెగ ఈ ఇంటికి వచ్చింది. పొయ్యి ప్రోలమ్మది.

రాళ్ళు ఊరికే పంచేద్దామంటే ఎవరూ తీసుకోరు, ఊరికే ఇచ్చిన రాయిలో ఇచ్చినవాళ్ళ పీడ ఉంటుందని భయం. ఆ మధ్యాహ్నమే ప్రోలమ్మ ఓడిపోవాలని కంకణం కట్టుకుని అంగడికి వెళ్ళింది. దువ్వెనలు అమ్మేదానితో గవ్వ వేసి ఓడింది. దాని ఒడిలో ఉన్నదే గుప్పెడు పలుకులు, అందులో సగమే పందెం. ప్రోలమ్మ రాశిలోంచి పోయింది చిటికెడు. తరవాత తోళ్ళ వ్యాపారితో వేస్తే గెలిచింది. సాయంత్రానికి వెళ్ళినప్పటికన్నా బరువైన గంపతో ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది.

“మీ అత్తకి ఓడిపోవడం చేతకాదమ్మా,” అన్నాడు గుండయ్య. “పెళ్ళైన దగ్గర్నించీ నేను చూస్తూనే ఉన్నాను.”

ఆ మాటకి ముందురోజైతే నవ్వేవారు. ఇవాళ ఎవరూ నవ్వలేదు. పున్నమి దగ్గరికొచ్చేసింది.

నీలాంబ గంజి గిన్నె కడిగి బోర్లించి, చిలక్కొయ్యకి ఉన్న మొగుడి కావలి దుస్తులు తీసింది. బేతన ఉత్తరపు ద్వారంలో భటుడు. ఏం చేస్తున్నావని అతను అడిగితే, మా నాన్నని మింగిన ఆ మాంత్రికుడు అత్తయ్యని కూడా మింగకముందే వాణ్ణి చంపి వస్తానంది. బేతన లేవబోయి కాలు నొప్పికి మళ్ళీ కూర్చున్నాడు. ప్రోలమ్మ అడ్డం చెప్పింది, తిట్టింది, చివరికి తానే నల్లమేక వెంట్రుకలు తెచ్చి మైనంతో కోడలి పైపెదవికి మీసం అంటించింది.

ఉత్తరపు ద్వారం దగ్గర దళపతి రేచన ఆమెని ఆపాడు. దక్షిణపు కావలి నుంచి మారి వచ్చిన కొత్తవాణ్ణని ఆమె గొంతు బొంగురు చేసుకుని చెప్పింది. రేచన తల ఊపాడు గాని ఆమె నుదుటి వైపే చూస్తున్నాడు. అందరి కనురెప్పల మీదా మంచు పేరుకుంటుంటే ఆమె నుదుటి మీద చెమట మెరుస్తోంది. వెచ్చని ఇంట్లో అలవాటుపడ్డ ఒళ్ళు అది.

“చెమటేమిట్రా నీకు?”

“జ్వరమండీ. రెండో పూట.”

జ్వరం అంటుకుంటుందని రేచన వెనక్కి తగ్గి దారి ఇచ్చాడు. ఆమె వెళుతుంటే, మీ వీధిలో మంచు పలచబడ్డ కప్పేదైనా ఉంటే చెప్పు, బహుమానం ఇప్పిస్తానన్నాడు. అలాంటివేం లేవండీ అంది.

ద్వారం దాటితే మనిషి జాడ లేదు. కొంగల కనుమలో ఊపిరిదయ్యాలు ఉంటాయి. మనిషి నోట వచ్చే ఆవిరిని నూలులా చుట్టి లాగేస్తాయి. నీలాంబ నోటికి గుడ్డ కట్టి, గుడ్డలో సెగరాయి పెట్టుకుంది. ఆవిరి బయటికి రాక దయ్యాలు చుట్టూ మూగి, వాసన చూసి, ఏడుస్తూ విడిపోయాయి. కనుమ అవతల లోయ మీద గాజులా పలచని మంచువంతెన. ఆమె బోర్లా పడుకుని పాకింది. కింద పచ్చని చీకటి, అందులో గడ్డకట్టిన ఏరు, ఏటిలో కదలకుండా నిలిచిపోయిన చేపల వెండి మెరుపు. వంతెన దిగీ దిగకముందే గుహ ముందు కాపలా ఉన్న మంచుపులి దూకింది. కత్తి దూసే వ్యవధి లేదు. నోటికున్న సెగరాయి తీసి మంచు మీదికి విసిరింది. పులి గాలిలోనే తల తిప్పుకుని, రాయి చుట్టూ ముడుచుకుని, ఇంటి పిల్లిలా గురగుర మొదలుపెట్టింది. దానికీ చలే.

గుహలో గోడలనిండా స్ఫటికాలు. ఒక్క దీపం వెయ్యి దీపాలై కనిపిస్తోంది. నడుమ పొయ్యి ముందు, కంబళి కప్పుకున్న ముసలివాడు గంజి కలుపుతున్నాడు. నీలాంబ కత్తి అతని మెడ మీద ఆనించింది.

“చల్లారితే గడ్డకడుతుంది. తాగనిస్తావా?” అన్నాడు అణుసిద్ధుడు. బదులు కోసం చూడకుండా తాగాడు. తరవాత మూతి తుడుచుకుని, వెనక్కి తిరక్కుండానే గూట్లోంచి ఒక గాజుకూజా దించాడు. “చంపేముందు దొంగని చూపించు. ఇందులో ఉన్నాడు.”

కూజా నిండా వెలుగు నలుసులు. ఎండలో గదిలో తేలే దుమ్ములా తేలుతున్నాయి, అన్నీ ఒకే మెరుపుతో. ముసలివాడు కూజాని అరచేత్తో తట్టాడు. నలుసులు ఒకదాన్నొకటి తాకడం మొదలుపెట్టాయి. తాకినప్పుడల్లా ఒకదానిలోని వెలుగు కొంచెం రెండోదానిలోకి పోతోంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. వీటికి ఆశ లేదు, తెలివి లేదు, ఏ మంత్రమూ రాదు, గవ్వ వేసినట్టే అన్నాడు అతను. మీ రాణి చెప్పిన ధర్మమే వీటికీ చెప్పాను, పేదదాని వెలుగులో సగం దాటి పందెం లేదు అన్నాడు.

నీలాంబ చూస్తూ ఉంది. కాసేపటికి కొన్ని మసకబారాయి. ఇంకొన్ని నిప్పురవ్వలయ్యాయి. చూస్తుండగానే కూజా అంతా చీకటైంది. ఒక్క నలుసు మాత్రం నక్షత్రంలా మండుతోంది.

“అదే దొంగ,” అంది.

అతను వెండి సూదితో ఆ నలుసుని పొడిచి, దాని వెలుగుని అన్నిటికీ సమానంగా చిలకరించి, కూజా తట్టాడు. మళ్ళీ తాకిళ్ళు, మళ్ళీ చీకటి. ఈసారి ఇంకో మూల ఇంకో నలుసు మండింది. దాన్నీ పొడిచాడు. ఇంకోటి మండింది. అది ఇందాక అందరికన్నా మసకగా ఉన్నది. అతను మళ్ళీ సూది ఎత్తబోతే నీలాంబ అతని చెయ్యి పట్టుకుంది. కత్తి ఎప్పుడు కిందికి దిగిందో ఆమెకి తెలియదు.

“ఎందుకిలా అవుతుంది?”

“ఎక్కువున్నవాళ్ళు ఓడితే పోయేది చిటికెడు. తక్కువున్నవాళ్ళు ఓడితే సగం ఇల్లు. చిటికెడు పోయినవాళ్ళు మర్నాడు మళ్ళీ వస్తారు. సగం పోయినవాళ్ళు తరవాత గెలిచినా, మిగిలిన సగంలో సగమే గెలుస్తారు. ఎవరి గవ్వా మోసం చెయ్యలేదు. ఎవరో ఒకరి దగ్గర చేరుతుంది. ఎవరి దగ్గరన్నది మాత్రం గాలివాటం.”

దీపం వైపు జరిగి అతను కంబళి సరిచేసుకున్నాడు. కంబళి మూల ఎర్రదారం కుట్టు కనబడింది. వంకరగా, ఎగుడుదిగుడుగా, సూది పట్టడం అప్పుడే నేర్చిన చేతి కుట్టు. తండ్రి నేసిన ప్రతి కంబళికీ ఆ మూల తనదేనని ఏడ్చి మరీ కుట్టిన పిల్ల నీలాంబ.

ఆమె చూపు ఎక్కడుందో ముసలివాడు గమనించాడు. కూజా పక్కన పెట్టి చెప్పాడు. ఈ కంబళి తెచ్చినాయన కూడా కత్తితోనే వచ్చాడు. కూజా చూసి నేల మీద కూర్చుండిపోయాడు. నోటిమాట మా ఊళ్ళో ఎవరూ నమ్మరు, కూజా ఇవ్వండి, మా అమ్మాయి చూస్తే చాలు అన్నాడు.

“కంబళి తీసుకున్నాను. కూజా ఇవ్వలేదు,” అన్నాడు అణుసిద్ధుడు. “మొదటి రాణి కొలువులో ఇదే చూపిస్తే నవ్వి పంపేశారు. ఆ అవమానం మనసులో పెట్టుకుని, మీ ఊరు ఎలా పోతే నాకేమనుకున్నాను. ఈ కంబళి వెచ్చగానే ఉంటుంది గాని, ఆ రోజు తరవాత నాకు సరిగా నిద్ర పట్టలేదు.”

నీలాంబకి అతని మీద కోపం రావలసింది. రాలేదు. ‘దొంగ లేడమ్మా’ అన్నప్పుడు తండ్రి తననే చూసి ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. ఊరికి చెప్పడం కాదది. అమ్మాయి చూస్తే చాలనుకున్న మనిషి, చూపించడానికి చేతిలో ఏమీ లేక, ఆ ఒక్క మాట చెప్పాడు.

అణుసిద్ధుడు తన పొయ్యి అడుగునుంచి చిన్న రాగిపూస తీసి, దారంతో కూజా నడుమ వేలాడదీశాడు. నలుసులు మామూలుగానే ఒకదాన్నొకటి తాకుతున్నాయి. పూసని తాకినప్పుడు మాత్రం ప్రతిదీ తన వెలుగులో కొంత వదులుతోంది, ఎక్కువున్నది ఎక్కువ, తక్కువున్నది తక్కువ. పూస ఆ వెచ్చదనాన్ని చుట్టూ అన్నిటి మీదా ఒకేలా పరుస్తోంది. నలుసులు సమానం కాలేదు. కొన్ని ఎక్కువ మెరుస్తున్నాయి, కొన్ని తక్కువ. కానీ ఒక్కటీ ఆరిపోలేదు, ఏ ఒక్కటీ అన్నిటినీ మింగలేదు. నీలాంబ ఎంతసేపు చూసినా అలాగే ఉంది.

“తీసుకెళ్ళు,” అన్నాడు ముసలివాడు. “ఈసారి అడక్కముందే ఇస్తున్నాను.”

తిరుగుదారిలో ఆమె కూజాని రొమ్ముకి హత్తుకుని పైన మొగుడి దుస్తులు బిగించి కట్టుకుంది. దుస్తుల నేతలోంచి వెలుగు కారింది. దాన్ని చూసి ఊపిరిదయ్యాలు లోయంతా నిండి వెంటపడ్డాయి. ఆమె వంతెన మీద పాకలేదు, పరుగెత్తింది. కాలి కింద గాజు పగిలినట్టు వరసగా చప్పుడు. ఆఖరి అడుగుకి వంతెన కూలింది, దయ్యాలు దానితోపాటు విరిగి రాలాయి. ఉత్తరపు ద్వారం చేరేసరికి మీసం ఊడిపోయింది, తలపాగా లోయలో పోయింది, జడ వీపు మీద వేలాడుతోంది. రేచన ఆమె మొహం చూశాడు. చూసి, ఈ పిల్ల ఎక్కడిదో గుర్తుపట్టాడు. ఆమె అతని చేతికింద నుంచి దూరి సందుల్లోకి పరుగెత్తింది. వెనక కొమ్ములు ఊదారు. పున్నమి రేపైనా, పరిశీలన ఇవాళే మొదలైంది, ఆమె వీధినుంచే.

ఇంట్లోకి వచ్చి తలుపు గడియ వేసి, కూజాని పీట మీద పెట్టింది. మొదట పూస లేకుండా కూజా తట్టి చూపించింది. కొమ్ములు దగ్గరవుతున్నా ఎవరూ కదల్లేదు. బేతన మోచేతి మీద లేచి చూశాడు. గుండయ్య చేతిలో విసనకర్ర ఆగిపోయింది. కూజా చీకటై ఒక్క నలుసు మండేసరికి ప్రోలమ్మ అడిగింది.

“ఇది ఏం చేసిందే?”

“ఏమీ చెయ్యలేదత్తయ్యా.”

“ఏమీ?”

“అన్నీ చేసిందే ఇదీ చేసింది.”

ప్రోలమ్మ ఆ నలుసు వైపు చూస్తూనే ఉంది. తరవాత కోడలి వైపు చూడకుండా అడిగింది. “అయితే మీ నాన్న?”

“ఆయనా అంతే.”

వీధిలో ఎవరి తలుపో కొట్టిన చప్పుడు వినిపించింది. గుండయ్య కళ్ళు తుడుచుకుని, ఉక్క అని గొణిగాడు. నీలాంబ రాగిపూస వేలాడదీసి, మిగతాది కూడా చూపించింది. బేతన గొంతు తగ్గించి చెప్పాడు, పెరటి గోడ అవతల బండి ఉంది, అమ్మని దక్షిణపు కనుమ దాటించేయొచ్చు, కాలు ఎలా ఉన్నా తాను లాగుతానని. వాళ్ళు వచ్చేలోగా కప్పు మీద ఇంకోసారి మంచు వేద్దాం, నేను ఎక్కుతాను అన్నాడు గుండయ్య. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుండగా, కప్పు సందులోంచి ఒక నీటిచుక్క ప్రోలమ్మ చేతి మీద పడింది. ఆమె దాన్ని కొంగుతో తుడుచుకుని లేచింది. మూలనున్న చీపురు అందుకుంది.

“నేను ఎక్కడికీ పోను,” అంది, అన్నం వార్చాలన్నంత మామూలుగా. “కప్పు మీద మనం పోసిందంతా ఊడ్చేస్తాను. రాళ్ళు ఎవరికీ ఇవ్వను, ఇస్తే పుచ్చుకోరు. నడివీధిలో పొయ్యి తవ్వి, అన్నీ అందులో పోస్తాను. చలి కాచుకోవడానికి రమ్మంటాను. ఈ కూజా ఆ పొయ్యి గట్టు మీద పెడతాను, చూసేవాళ్ళు చూస్తారు. అప్పటికీ తెల్లమెట్టకి పంపిస్తామంటే పంపించనీ.”



“ముద్ద వెయ్యమంటారు, అత్తయ్యా,” అంది నీలాంబ. “మొదట నన్నే వెయ్యమంటారు. నేను వెయ్యను.”

“వెయ్యకపోతే నిన్నూ పంపిస్తారు.”

“తెలుసు.”

ప్రోలమ్మ కోడలి భుజం మీద కరగకుండా మిగిలిన మంచుని అరచేత్తో దులిపింది. తలుపు అవతల రేచన ప్రోలమ్మని పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఆమె పెరటి వైపు నడిచి, గోడకి ఆనించి ఉన్న నిచ్చెన మీద చెయ్యి వేసింది.

“వాడి కాలు బాగాలేదు, మీ మామయ్యకి ఎక్కితే కళ్ళు తిరుగుతాయి,” అంది. “నేనే ఎక్కుతాను. నీలా, నువ్వు కింద గట్టిగా పట్టుకో.”